కంప్యూటర్‌లోనే అంగడి

ఇంటిలో కంప్యూటర్ ఉన్న కుటుంబాల నుండి ఈ శీర్షికకు కొంతకాలంగా ఒకే తీరు ఉత్తరాలు వస్తున్నాయి. పిల్లల చదువు కోసం విజయవాడ వెళ్ళి వాడిన కంప్యూటర్ ఒకటి కొన్నామనీ, దుకాణంలో విండోస్, ఆఫీసు, తెలుగు లిపి అన్నీ 'వేసి' ఇచ్చారనీ, వాటికి లైసెన్సు లేదని తరువాత తెలిసిందనీ వ్రాస్తున్నారు. అవి వాడుకోవడం సమ్మతమేనా అని కొందరి సందేహం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసిన తరువాత, మా పాత యంత్రం విండోస్ 11ను స్వీకరించడం లేదు, దీనిని పారవేయవలసిందేనా అని మరికొందరి బాధ.

మొదటి ప్రశ్నకు సమాధానం క్లుప్తమే. రచయితకు తన రచనపై, ఆవిష్కర్తకు తన ఆవిష్కరణపై ఉన్న హక్కు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందవలసిన హక్కేనని 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. మన ఉపఖండపు పెద్దలలో ఈ విషయమై పూర్వం భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. అయితే దేశ చట్టం సంగతి స్పష్టంగానే ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టంలో తరువాత చేర్చిన 63-బి సెక్షను ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కూడా ఒక సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వాడటం శిక్షార్హమైన నేరం. అనుమతి లేని వస్తువును అనుమతి లేనిదిగానే చూడాలన్నది మా అభిప్రాయం.

రెండవ ప్రశ్నకు మేము ఇచ్చే సమాధానం లినక్స్. ఇది విన్న వెంటనే ఎదురయ్యే మాట కూడా మాకు తెలుసు. "హజ్రత్, అది ఇంజినీర్ల వ్యవహారమట. అందులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలన్నా నల్లటి తెర తెరచి ఏవేవో మంత్రాలు టైపు చేయాలట." ఈ భయమే అనేకులను అక్రమ ప్రతుల దగ్గర కట్టిపడవేస్తున్నది. కనుక ఈ నెల ఈ ఒక్క భయాన్ని గురించే మాట్లాడుకుందాము.

ఆ మాట ఒకప్పుడు నిజమే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నాన్ని ప్రకటించాడు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను, అనగా కంప్యూటర్ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగాన్ని, లోకానికి విడుదల చేశాడు. ఈ రెండూ కలిసిన తొలినాళ్ళలో ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే దాని మూల రచనను తెచ్చుకొని, మన యంత్రంలోనే దానిని పని చేసే రూపానికి మార్చుకోవలసి వచ్చేది. మార్చబోతే, ముందు మరొక సాఫ్ట్‌వేర్ కావాలని అది మొరాయించేది. దానిని తేబోతే ఇంకొకటి. ఒక పెట్టె తాళంచెవి రెండవ పెట్టెలో, దాని తాళంచెవి మూడవ పెట్టెలో ఉన్న చందం. సామాన్యుడు అక్కడే విసిగి లేచిపోయేవాడు.

ఈ చిక్కును విప్పినవారిలో 1993లో ఆరంభమైన డెబియన్ బృందం ముఖ్యమైనది. వారు సాఫ్ట్‌వేర్లన్నింటినీ ముందే సిద్ధం చేసి, ఏది పని చేయడానికి ఏది అవసరమో వ్రాసిపెట్టి, ఒకే భాండాగారంలో భద్రపరచారు. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో 'ఆప్ట్' అనే పనిముట్టు వచ్చింది. కావలసిన దాని పేరు చెబితే చాలు, దానికి అవసరమైనవన్నీ అదే వెదకి, తెచ్చి, వరుసగా అమర్చుతుంది. మన చేతిలోని ఫోనులలో 'స్టోర్' అనే మాట అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆపిల్ వారి యాప్ స్టోర్ 2008లో వచ్చింది. తరువాత ఉబుంటు వారు 2009 అక్టోబరు విడుదలలో బొమ్మలతో, వెదకే పెట్టెతో కూడిన 'సాఫ్ట్‌వేర్ సెంటర్'ను చేర్చారు. నల్లటి తెర అవసరం సామాన్యునికి దాదాపు అప్పుడే తీరిపోయింది. భయం మాత్రం నేటికీ తీరలేదు.

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ భాండాగారం సంగతి చెప్పడం సులభం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు ఒకచోట నిలుస్తుంది. అక్కడి నుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వాటి నుండి పిల్ల కాలువలు, చివరకు పొలం మడి. రైతు నది దాకా పోయి బిందెతో నీరు మోసుకొని రాడు. డెబియన్ భాండాగారం కూడా అంతే. దాని ప్రతిరూపాలు లోకమంతటా అనేక సర్వర్లలో ఉంటాయి. మనం మచిలీపట్నంలో కూర్చొని అడిగినా, అందుబాటులో ఉన్న ఒక కాలువ నుండి అదే సరుకు వస్తుంది. డెబియన్ 12వ సంచికలో, 2023 జూన్ నాటికి, 64 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. ఒక తేడా మాత్రం చెప్పవలసి ఉన్నది. ఈ కాలువలో శివారు ఆయకట్టువారికి కూడా పైవారితో సమానంగా అందుతుంది!

ఇక ఆచరణకు వద్దాము. కొత్తవారికి మేము లినక్స్ మింట్ అనే రకాన్ని సూచిస్తున్నాము. ఇది ఉబుంటు పునాదిపై నిర్మించినది, చూపులకు విండోస్‌ను పోలి ఉంటుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలోనూ నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. దీనిలో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకొనే విధానం ఇది. మెనూలో 'సాఫ్ట్‌వేర్ మేనేజర్' తెరవాలి. కావలసిన దాని పేరు వ్రాయాలి. పేరు తెలియకపోతే 'గణితం', 'ఖగోళం' వంటి అర్థమిచ్చే ఆంగ్లపదం వ్రాసినా సరే. వచ్చిన జాబితాలో ఒకదానిని ఎంచుకొని 'ఇన్‌స్టాల్' నొక్కాలి. కంప్యూటర్ పాస్‌వర్డు అడుగుతుంది, ఇవ్వాలి. అంతే. తీసివేయాలంటే అదే చోట 'రిమూవ్'. డబ్బు అడగదు, ఖాతా తెరవమనదు. ఇంకొక మేలు ఏమనగా, అప్‌డేట్లు వచ్చినప్పుడు ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ విడివిడిగా మనలను వేధించదు. 'అప్‌డేట్ మేనేజర్' వ్యవస్థను, దానిపై భాండాగారం నుండి ఎక్కించుకొన్న సాఫ్ట్‌వేర్లను ఒకేసారి సరిచేస్తుంది.

మా మద్రసాలో దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో మింట్ వేసిన తరువాత మేము గమనించిన ఒక సంగతి ఆలోచింపదగినది. ఎక్కువగా తడబడినవారు కంప్యూటర్ బొత్తిగా రానివారు కారు, విండోస్ బాగా వచ్చినవారు. వారు వెంటనే బ్రౌజర్ తెరచి, గూగుల్‌లో వెదకి, ఏదో ఒక చోట పచ్చని 'డౌన్‌లోడ్' బొత్తాము నొక్కి, ఇ.ఎక్స్.ఇ. ఫైలు ఒకటి దింపుకొంటారు. అది విండోస్ కోసం చేసినది, లినక్స్‌లో దానంతట అది తెరచుకోదు. "చూశారా, లినక్స్‌లో ఏదీ ఎక్కదు" అని తీర్పు చెప్పి లేస్తారు. హిఫ్జ్ చదివే పదమూడేళ్ళ బాలునికి ఈ అలవాటే లేదు. అమ్మ ఫోనులో ప్లే స్టోర్ చూసి ఉన్నాడు. ఇక్కడ స్టోర్ ఎక్కడున్నదని అడిగాడు, చూపించాము, పని అయిపోయింది.

కనుక మన గృహిణులకు ఒక మాట. "మాకు కంప్యూటర్ రాదు భాయీ" అని మీరు వెనుకకు తగ్గవద్దు. ఫోనులో స్టోర్ తెరచి, వెదకి, ఇన్‌స్టాల్ నొక్కడం మీకు వచ్చు. ఆ ఆండ్రాయిడ్ ఫోను గుండెకాయ కూడా లినక్స్ కెర్నెలే. విండోస్ నేర్చిన కుమారునికంటే ఈ ఒక్క విషయంలో మీరే ముందున్నారు. అతడు మరచిపోవలసినది ఉన్నది, మీకు మరచిపోవలసినది లేదు.

నల్లటి తెర సంగతి కూడా చెప్పివేద్దాము. దానిని టెర్మినల్ అంటారు. అది తప్పనిసరి కాదు, కానీ శత్రువు కూడా కాదు. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్', ఆ తరువాత సాఫ్ట్‌వేర్ పేరు, ఇదీ ఆ మంత్రం. టైపు చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాలలోనే చేయాలి. మొదటి మాటకు అర్థం 'నిర్వాహకుని అధికారంతో', రెండవది పైన చెప్పిన పనిముట్టు, మూడవది ఎక్కించుమని ఆజ్ఞ. కొన్ని లినక్స్ రకాలలో ఇక్కడ పాస్‌వర్డు టైపు చేస్తుంటే తెరపై చుక్క కూడా పడదు. కొత్తవారు కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు, చూసేవారికి అక్షరాల సంఖ్య కూడా తెలియకూడదని అట్లా ఏర్పాటు చేశారు. టైపు పూర్తి చేసి ఎంటర్ నొక్కితే సరి. మరొకప్పుడు, భాండాగారపు తాళం ఇంకొకరి చేతిలో ఉన్నదనే అర్థంలో ఒక సందేశం వస్తుంది. వెనుక అప్‌డేట్లు జరుగుతున్నాయని దాని భావం. ఐదు పది నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి, కంప్యూటర్‌ను మధ్యలో ఆపివేయరాదు.

సులువు ఉన్నచోట జాగ్రత్త సడలుతుంది గనుక నమ్మకం గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. హదీసు విద్యలో మొదటి ప్రశ్న "ఇది నీవు ఎవరి నుండి విన్నావు?" అన్నదే. మాట ఎంత బాగున్నా సనదు, అనగా చెప్పినవారి వరుస, తెగిపోతే విద్వాంసులు స్వీకరించరు. లినక్స్ భాండాగారాలలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నది. సరుకు జాబితాపై నిర్వాహకుల డిజిటల్ సంతకం ఉంటుంది. ప్రతి ప్యాకేజీ ఆ జాబితాలోని గుర్తుతో సరిపోలాలి. మార్గమధ్యంలో ఎవరైనా మార్చితే ఆప్ట్ ఆపి హెచ్చరిస్తుంది. దారిన పోయేవాడు పెన్‌డ్రైవులో ఇచ్చిన 'క్రాక్' సాఫ్ట్‌వేర్‌కు ఏ సనదు ఉన్నది? దానిని విప్పినవాడు ఎవడో, లోపల ఏమి కలిపాడో తెలియదు. ఆ కంప్యూటర్‌లోనే మనం బ్యాంకు వ్యవహారాలు చేస్తున్నాము, ఆడపిల్లల ఫోటోలు దాచుకుంటున్నాము.

అట్లని లినక్స్ లోకంలో మోసానికి చోటే లేదని మేము అనడం లేదు. 2016 ఫిబ్రవరి 20న దుండగులు లినక్స్ మింట్ వారి వెబ్‌సైటులోనే చొరబడి, డౌన్‌లోడ్ లంకెను మార్చి, దొంగదారి ఉన్న ప్రతిని అంటగట్టారు. నిర్వాహకులు త్వరగా గుర్తించి ప్రకటించారు. అందుకే దింపుకొన్న ఫైలు యొక్క 'చెక్‌సమ్'ను, అనగా ఆ ఫైలుకు మాత్రమే చెందిన గుర్తు సంఖ్యను, సరిచూసుకొమ్మని వారి సూచనలలో ఉంటుంది. కష్టమేమీ కాదు, ఐదు నిమిషాల పని. 2018 మే నెలలో ఉబుంటు వారి స్నాప్ స్టోర్‌లో ఒక ఆట లోపల క్రిప్టో నాణేలను తవ్వే ప్రోగ్రాము బయటపడింది. వాడుకరికి తెలియకుండా అతని యంత్రాన్ని వేరొకరి సంపాదనకు వాడుకోవడమన్నమాట. ఎవరైనా తెచ్చి పెట్టగల అంగడికీ, నిర్వాహకులు పరిశీలించి పెట్టే భాండాగారానికీ ఈ తేడా ఉన్నది. ఫ్లాట్‌పాక్ అనే మరొక పద్ధతిలో వచ్చే సాఫ్ట్‌వేర్లలో, అసలు తయారీదారు ఎవరో ధ్రువపడనివాటిని మింట్ 22వ సంచిక నుండి మామూలుగా చూపడమే మానివేశారు. ఆ మీట మార్చి వాటిని చూపించమనడం సాధ్యమే, కానీ కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇంతకూ మన ఇళ్ళకు పనికివచ్చేవి ఏమున్నాయి? లిబ్రెఆఫీసు, ఫైర్‌ఫాక్సు మింట్‌లో ముందే ఉంటాయి. పసిపిల్లలకు జీకాంప్రి, టక్స్ పెయింట్. మేము మిక్కిలి ఇష్టపడేది స్టెల్లేరియం. విజయవాడ పేరు ఇస్తే నేటి సాయంకాలం మన ఆకాశంలో చంద్రుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉంటాడో కళ్ళకు కట్టినట్లు చూపుతుంది. నెలవంక నిర్ణయం కంటితోనే గానీ కంప్యూటర్‌తో కాదు, అది వేరే చర్చ. కానీ ఎక్కడ చూడాలో పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం మాకు కనబడలేదు. లిపుల విషయానికి వస్తే, అరబీకి అమీరీ, ఉర్దూకు నోటో నస్తాలీక్, తెలుగుకు పోతన, వేమన, లోహిత్ ఇవన్నీ భాండాగారంలోనే దొరుకుతాయి. పాత తెలుగు పుస్తకపు పుటను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చే టెసెరాక్ట్ కూడా ఉన్నది, దానికి తెలుగు, ఉర్దూ, అరబీ అంగాలు విడివిడిగా ఎక్కించుకోవాలి. మింట్‌ను స్థాపించేటప్పుడు వచ్చే భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. కొన్ని మాటలు ఆంగ్లంలోనే మిగిలి ఉంటాయి, నిజమే. హైదరాబాదు కేంద్రంగా పని చేసే స్వేచ్ఛ సంస్థ వంటివారూ, పేరు కోరని అనేకులూ ఏళ్ళ తరబడి అనువదించగా ఇంత మాత్రమైనా మన భాషలో చూడగలుగుతున్నాము.

ఇక కుదరనివి. ఉర్దూ ముద్రణలో స్థిరపడిన ఇన్‌పేజ్ విండోస్ కోసం చేసినది. తెలుగు డీటీపీ వారు వాడే అను లిపులు, వ్యాపారుల ట్యాలీ కూడా అంతే. వైన్ అనే మధ్యవర్తి ద్వారా కొన్ని విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ, జీవనోపాధి దానిపై ఆధారపడి ఉంటే మేము దానిని సిఫారసు చేయము. ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణకర్తలకు పుటలు కూర్చి ఇచ్చే సోదరుడు, జమాఖర్చులు ట్యాలీలో వ్రాసే సోదరుడు తమ సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సుతో కొనుక్కోవడమే సరైన మార్గం. అది వారి వృత్తి పనిముట్టు. వడ్రంగి ఉలిని కొనుక్కోడా? ఇంటిలో చదువుకు, ఉత్తరాలకు, బొమ్మలకు కంప్యూటర్ వాడే కుటుంబాల పరిస్థితి వేరు, వారికి ఈ అవసరాలు లేవు.

'ముస్లిముల కోసం ప్రత్యేక లినక్స్ ఉన్నదట కదా' అని ఒక యువకుడు వ్రాశాడు. ఉండేది. 2007లో ఉబుంటు ముస్లిం ఎడిషన్ పేరుతో మొదలై, 2009లో సబీలీ అని పేరు మార్చుకొన్నది. ఖుర్ఆన్ అధ్యయనానికి జిక్ర్, నమాజు వేళలకు మిన్బర్, పిల్లలను అశ్లీలం నుండి కాపాడే వడపోత, ఇవన్నీ కలిపి ఇచ్చేవారు. అది 11.10 సంచికతో ఆగిపోయింది. ఎక్కడైనా దాని పాత ప్రతి దొరికినా పేరు చూసి మురిసిపోయి వేసుకోవద్దు. భద్రతా అప్‌డేట్లు రాని వ్యవస్థ తలుపులు లేని ఇల్లు. మన అవసరాలకు ప్రత్యేక ముద్ర అక్కరలేదు, సాధారణ లినక్స్ తీసుకొని కావలసినవి అంగడి నుండి తెచ్చుకోవచ్చు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ చదువు ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే సాగుతున్నది. అక్కడి పిల్లలు ఎనిమిదో తరగతిలో చేయగలిగినది గుడివాడలోనో నందిగామలోనో మన పిల్లలు చేయలేరని మేము నమ్మము.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. కంప్యూటర్‌లోని ఫోటోలు, పత్రాలు వేరొక చోట భద్రపరచాలి. స్థాపన సమయంలో 'డిస్కు మొత్తం చెరిపివేయి' అనే మాటను చదవకుండా నొక్కినవారికి తరువాత మిగిలేది విచారమే. రెండవది, స్థాపించకుండానే పెన్‌డ్రైవు నుండి నడిపి చూసే సౌకర్యం ఉన్నది, ఒకటి రెండు రోజులు అట్లా చూడండి. వైఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు పలుకుతున్నదా అప్పుడే తెలిసిపోతుంది. దింపుకోవలసిన మింట్ ఫైలు సుమారు 3 జీబీ. ఇంటిలో బ్రాడ్‌బ్యాండ్ లేనివారు ఫోను డేటాతోనే రెండు మూడు రోజుల్లో దింపుకోవచ్చు. లినక్స్ ఎక్కిన తరువాత కూడా ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, 'టెథరింగ్' నొక్కితే చాలావరకు ఇంటర్నెట్ అందుతుంది.

చివరగా, ఒక సోదరి పంపిన ప్రశ్న. "మా ఇంట లినక్స్ పెన్‌డ్రైవు తయారు చేసుకున్నాము. పక్కింటివారు అడుగుతున్నారు. కాపీ చేసి ఇస్తే అది కూడా దొంగ ప్రతి అవుతుందా?" కాదు. విండోస్ విషయంలో హక్కుదారు అనుమతి లేదు గనుక వద్దన్నాము. లినక్స్ కెర్నెల్‌ను, దానితో వచ్చే అత్యధిక భాగాన్ని రచించినవారు, వాడుకోండి, కాపీ చేయండి, పంచండి, మార్చుకోండి అని లైసెన్సులోనే వ్రాసి ఇచ్చారు. ఎందరికైనా ఇవ్వవచ్చు. పెన్‌డ్రైవు ఖరీదు తీసుకొన్నా తప్పులేదు.